స్టేషను చుట్టును ఊరు

తిరుపతి రైలుస్టేషనులో దిగి ఉత్తరపు వాకిట వెలుపలికి వచ్చిన యాత్రికునకు బండి వెదకికొనవలసిన పని అంతగా లేదు. ఎదుటనే దేవస్థానమువారి విష్ణునివాసము కలదు. కొలది నిమిషములు నడిచినచో గోవిందరాజస్వామి గోపురము, దాని చుట్టును మాడవీధులు, ఆ వీధులలో సత్రములు, ఫలహారశాలలు, పూలయంగళ్లు, పాత్రసామానుల దుకాణములు కనబడును. మరికొంత దూరము నడిచినచో బస్సుస్టాండు, దాని కెదురుగా శ్రీనివాసము కలవు. కొండకు పోవు బస్సులును అందుబాటులోనే యుండును. ముసలివారైనను, పసిబిడ్డ నెత్తుకొన్న తల్లియైనను, చేతిసంచితో దిగి తన పనులన్నియు నడకతోనే చక్కబెట్టుకొనవచ్చును.

అదే యాత్రికుడు తిరుపతిలో కాపురము పెట్టి, ఊరి వెలుపలి క్రొత్త లేఅవుటులో ఇల్లు కట్టుకొన్నాడనుకొనుడు. అప్పుడు పాలప్యాకెట్టుకు స్కూటరు కావలెను. పిల్లవాని బడికి ఆటో కావలెను. మందులకు, కూరగాయలకు, కార్యాలయమునకు వేరువేరుగా ప్రయాణము చేయవలెను. ఊరొక్కటే, మనిషియు నొక్కడే. ఒకచోట నడక చాలినది, మరియొకచోట చాలలేదు. ఈ భేదము ఎందువలన కలిగినది? దీనిని తెలిసికొన్నచో, రైలుస్టేషన్ల చుట్టును పట్టణములను పెంచవలెనని నేటి పట్టణ నిర్మాణ శాస్త్రజ్ఞులు ఏల చెప్పుచున్నారో తేటపడును.

ఇది మనకు బొత్తిగా క్రొత్త విషయము కాదు. శ్రీరామానుజాచార్యులవారు 1130 ప్రాంతమున గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిరని సంప్రదాయము. ఆ ఆలయము చుట్టును ఏర్పడిన అగ్రహారమే నేటి తిరుపతి నగరమునకు మూలము. నాటి యాత్రికుడు నడిచియే వచ్చెడివాడు గనుక, అతనికి కావలసినవన్నియు నడకదూరములో నుండవలసి వచ్చెను. అర్చకుని యిల్లు, పూలు గట్టువాని యిల్లు, సత్రము, కోనేరు, అంగడి ఒకదాని నొకటి ఆనుకొని వెలసినవి. రథము తిరుగుటకు వీలుగా వీధులు విశాలముగా నుండెను. తొమ్మిది వందల యేండ్లు గడచినను నగరమున జనులు నడచుటకు ఇష్టపడు వీధులు నేటికిని అవియే.

తరువాత రైలు వచ్చెను. మద్రాసు, బొంబాయి నగరములను కలుపు మార్గము 1871లో పూర్తియైనది. అది రేణిగుంట మీదుగా పోవును. 1890వ దశకపు తొలినాళ్లలో దక్షిణ ఇండియా రైల్వేవారు కాట్పాడినుండి చిత్తూరు, పాకాల, తిరుపతి మీదుగా గూడూరునకు మీటరుగేజి మార్గము వేసిరి. పాకాలయొద్ద ధర్మవరము శాఖ చీలినది. పాకాల ఊరు పెరిగినది ఆ జంక్షనువలననే. తిరుపతిలో స్టేషనును గోవిందరాజస్వామి ఆలయమునకు అతి సమీపముగా నిర్మించుటచేత పాత ఊరును క్రొత్త బండియు ఒకదాని కొకటి తోడైనవి. రైలు దిగినవాడు నేరుగా నడచువారి ఊరిలోనికే అడుగుపెట్టెను. ఇట్టి మేలు అన్ని పట్టణములకును దక్కలేదు. అనేక స్థలములలో స్టేషను ఊరికి దూరముగా పొలములలో నిలిచి, ఊరికిని దానికిని నడుమ జట్కాబండ్ల బాట యొకటి మాత్రమే ఏర్పడినది.

ఆ వెనుక మోటారు వచ్చెను. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లో తెరువబడినది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినది. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1958లో ఏర్పడినది. 1886లో పురపాలక సంఘమైన తిరుపతి 2007లో నగరపాలక సంస్థగా మారినది. 2011 జనాభా లెక్కలనాటికి నగరమున సుమారు 2,87,000 మంది యుండిరి. చుట్టుప్రక్కల నివాసములను కలిపినచో నాలుగున్నర లక్షలు దాటిరి. 2022 ఏప్రిలు 4వ తేదీన తిరుపతి ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. వీరుగాక సామాన్య దినములలోనే 60,000 మొదలు 80,000 వరకు యాత్రికులు కొండపై దర్శనము చేసికొనుచుందురు. వారిలో చాలమంది ఈ నగరము మీదుగనే రాకపోకలు సాగింతురు.

ఇంతమందికి చోటెక్కడ? ఉత్తరమున శేషాచలము గోడవలె అడ్డముగా నిలిచియున్నది. అది కాపాడవలసిన అడవి. కావున నగరము తూర్పున రేణిగుంట వైపునకు, పడమట చంద్రగిరి వైపునకు, దక్షిణమున స్వర్ణముఖి వైపునకు మాత్రమే పెరుగవలెను. చిత్రమేమనగా రైలుమార్గమును సరిగా ఆ తూర్పుపడమరల మీదుగనే పోవుచున్నది. రేణిగుంట, తిరుచానూరు, తిరుపతి, తిరుపతి వెస్టు, చంద్రగిరి అను స్టేషన్లు దండలోని పూసలవలె వరుసగా నున్నవి. ప్రకృతి చూపిన త్రోవయు, రైలు వేసిన త్రోవయు ఒక్కటియే. అయినను ఊరు పూసలవలె పెరుగలేదు. పొలములు సెంట్లక్రింద విడిపోయి, ఎవరి లేఅవుటు వారిదై, రోడ్ల వెంబడి నలుదిక్కులకు చిందినట్లు ప్రాకినది.

ఈ ప్రాకుటవలన కలుగు నష్టములలో మొదటిది కంటికి కనబడనిది. ఇండ్లు చెదరియుండినచో ఏ బస్సునకును చాలినంత మంది ఒకచోట దొరకరు. జనులు చాలనందున బస్సు అరుదుగా వచ్చును. బస్సు అరుదైనందున జనులు స్కూటరు కొందురు. స్కూటర్లు పెరిగినందున బస్సు మరింత అరుదగును. నీటిగొట్టము, మురుగుకాలువ, దీపస్తంభము, చెత్తబండి కూడ ఇంటింటికిని ఎక్కువ దూరము పోవలసి వచ్చి ఖర్చు పెరుగును. ఆ ఖర్చు తుదకు పన్ను చెల్లించువాని మీదనే పడును.

రెండవ నష్టము 2021 నవంబరులో అందరికిని కనబడినది. ఆ నెల మూడవ వారమున కురిసిన వానలకు తిరుపతి వీధులు యేరులైనవి. రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్ట తెగునేమోయను భయముతో దిగువ గ్రామములవారిని ఖాళీ చేయించిరి. అంత వాన అరుదే. కాని కొండలపై పడిన నీటిని పట్టి నిలుపుటకు మన పెద్దలు గొలుసుకట్టుగా చెరువులను, వాటి నడుమ వాగులను, కాలువలను ఏర్పరచిరి. ఊరు అడ్డదిడ్డముగా ప్రాకినపుడు మొదట పూడునవి ఆ కాలువలే. నీరు తన దారి మరచిపోదు; ఆ దారిలో ఇల్లుండినచో ఇంటిలోనికే వచ్చును. ఊరు ఎక్కడ పెరుగవలెనో నిర్ణయించుటయనగా, ఎక్కడ పెరుగరాదో నిర్ణయించుటయే యని దీనివలన గ్రహింపవలెను.

ఇక స్టేషను చుట్టును ఊరు కట్టుటలోని లెక్కను చూతము. సామాన్యముగా నడచువాడు పది నిమిషములలో 800 మీటర్లు నడచును. అంతకు మించినచో జనులు వాహనము కొరకు చూతురని అనుభవము. మన కేంద్రప్రభుత్వము 2017లో ప్రకటించిన విధానమును స్టేషను చుట్టును 500 మొదలు 800 మీటర్ల పరిధినే ముఖ్యముగా గైకొన్నది. స్టేషనును నడుమ నుంచి 800 మీటర్ల వ్యాసార్ధముతో ఒక వలయము గీసినచో దాని వైశాల్యము సుమారు 500 ఎకరములు. అందులో సగమును వీధులకు, బడికి, బజారునకు, ఉద్యానమునకు, చెరువునకు, స్టేషనునకు విడిచిపెట్టుదము. మిగిలిన 250 ఎకరములలో ఎకరమునకు 40 కుటుంబముల చొప్పున 10,000 కుటుంబములు కాపురముండవచ్చును.

ఎకరమునకు 40 కుటుంబములనగానే ఆకాశహర్మ్యములు తలపునకు రావచ్చును. అట్టి అవసరము లేదు. ఎకరమునకు 4,840 చదరపు గజములు. 40 కుటుంబములకు పంచినచో ఒక్కొక్క వాటాకు 121 గజములు వచ్చును. అందులో సగము నేలను గాలికి, చెట్టుకు విడిచి, మిగిలిన సగములో మూడంతస్తులు కట్టినచో కుటుంబమునకు 180 చదరపు గజములకు పైగా కట్టుబడి వైశాల్యము లభించును. మెట్లకును, గోడలకును కొంత పోయినను మధ్యతరగతి సంసారమునకు అది చాలును. అదే 10,000 కుటుంబములను 240 గజముల ప్లాట్లలో, ఎకరమునకు పండ్రెండిండ్ల చొప్పున పరచినచో ఇండ్లకును వాటి రోడ్లకును మాత్రమే 830 ఎకరములకు పైగా కావలెను. బడి, బజారు వేరు. ప్లాట్లు కొని కట్టక బీడుపెట్టువారిని కలిపినచో లెక్క మరింత పెరుగును. అన్నిటికంటె ముఖ్యమేమనగా, మొదటి యేర్పాటులో 10,000 కుటుంబములవారును పది నిమిషములలో స్టేషను చేరుదురు. రెండవదానిలో చాలమంది చేరలేరు.

ఇట్టి ప్రయత్నములు లోకమున లేకపోలేదు. జపానుదేశమున కొబయాషి ఇచిజో అను వ్యాపారి 1910లో ఒసాకానుండి ఒక రైలుమార్గము నడిపెను. మార్గము పోవు చోట ఊళ్లు పెద్దవి కావు. టిక్కెట్లు కొనువారు తక్కువ. అతడు స్టేషన్లయొద్ద భూములు కొని, ఇండ్లు కట్టి, ఉద్యోగులకు వాయిదాలమీద అమ్మెను. 1929లో నగరపు స్టేషనులోనే ఒక పెద్ద వస్త్రవస్తుశాలను తెరచెను. రైలు ఇండ్లకు విలువ తెచ్చినది. ఇండ్లు రైలునకు ప్రయాణికులను తెచ్చినవి. డెన్మార్కులోని కోపెన్‌హేగన్ నగరమువారు 1947లో తమ నగరమును చాచిన అరచేతివలె గీసికొనిరి. పాత ఊరు అరచేయి. రైలుమార్గముల వెంబడి సాగు క్రొత్త పేటలు అయిదు వ్రేళ్లు. వ్రేళ్ల సందులలో పొలములు, తోపులు. వ్రేళ్ల నడుమ సందులను పూడ్చరాదనుటయే ఆ ప్రణాళికకు ప్రాణము. మన స్వర్ణముఖి లోయకు అయిదు వ్రేళ్లు అక్కరలేదు, తూర్పుపడమరలుగా రెండు చాలును. సందులలో కాపాడవలసినవి మన చెరువులు, మామిడితోటలు, వరిపొలములు.

ఈ మాటలను ఇప్పుడే చెప్పుటకు కారణము కలదు. తిరుపతినుండి పాకాల, చిత్తూరుల మీదుగా కాట్పాడి వరకు గల 104 కిలోమీటర్ల ఒంటిమార్గమును 1,332 కోట్ల రూపాయల ఖర్చుతో జంటమార్గముగా మార్చుటకు కేంద్ర మంత్రివర్గము 2025 ఏప్రిలులో ఆమోదము తెలిపినది. ఒంటిమార్గము మీద ఒక రైలు రెండు స్టేషన్ల నడుమ ప్రవేశించినచో, అది దాటిపోవువరకు ఎదుటి రైలు ఆగియుండవలెను. ఎక్స్‌ప్రెస్సులకు త్రోవ యిచ్చుటకై ప్యాసింజర్లు ప్రక్కపట్టాలపై కాచుకొనుట మన యెరుకలోనిదే. జంటమార్గమైనచో పోవు బండికి ఒకటి, వచ్చు బండికి ఒకటి ఏర్పడును గనుక తక్కువ వ్యవధిలో ఎక్కువ బండ్లు నడుపవచ్చును. అప్పుడు చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు స్టేషన్లకు నేడు లేని విలువ వచ్చును. ఆ విలువ ఎవరికి చెందవలెను, ఆ స్టేషన్ల చుట్టును ఏమి లేవవలెను అనునది పట్టాలు పడకముందే తేల్చుకొనవలసిన విషయము.

చిత్తూరు సంగతినే తలంపుడు. 1911నుండి జిల్లాకు ముఖ్యపట్టణమైన ఈ ఊరిలో 2011నాటికి లక్షన్నరకు పైబడిన జనులుండిరి. ఇక్కడివారు వైద్యమునకై వేలూరునకు, దైవదర్శనమునకై తిరుపతికి పోవుచుందురు. వేలూరునకు పోవువారు దిగవలసిన కాట్పాడియు, తిరుపతియు ఈ రైలుమార్గము మీదనే యున్నవి. అయినను రైలువేళలు అరుదైనందున చాలమంది బస్సునే నమ్ముకొనియున్నారు. గంటకొక బండి నడచి, స్టేషనునుండి బజారునకు, కచ్చేరికి, బస్సుస్టాండునకు నీడగల నడకదారి యేర్పడినచో, చిత్తూరిలో కాపురముండి తిరుపతిలో చదువుకొనుట, ఉద్యోగము చేయుట సామాన్యునకు సాధ్యమగును. తిరుపతిమీది ఒత్తిడి తగ్గును. చిత్తూరునకు ప్రాణము వచ్చును.

మరియొక ఉదాహరణము రేణిగుంటకు ఉత్తరముగా గూడూరు మార్గములో కలదు. 2015లో ఆరంభమైన ఐ.ఐ.టి., ఐసర్ విద్యాసంస్థలు రెండును ఏర్పేడు ప్రాంతమున శాశ్వతభవనములు కట్టుకొన్నవి. ఏర్పేడులో రైలుస్టేషనును కలదు. విద్యాలయమును, స్టేషనును, ఊరిని మంచి బాటతోను, సమయమునకు నడచు బస్సుతోను కలిపినచో ఒక విద్యానగరమే పుట్టును. విడివిడిగా నుంచినచో జాతీయరహదారిపై కార్ల వరుస మాత్రమే మిగులును.

అయితే స్టేషనుదగ్గర భవనములు కట్టినంత మాత్రమున పని కాదు. మొదట, నడచుటకు దారి కావలెను. మన ఎండలలో పది నిమిషముల నడక నీడ లేనిచో అరగంటవలె తోచును. చింత, వేప, కానుగ చెట్ల వరుసలు, ఎత్తైన కాలిబాట, రాత్రివేళ వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి అను నాలుగును లేకున్నచో స్త్రీలును, వృద్ధులును ఆటోనే యెక్కుదురు. రెండవది, పట్టాలు ఊరిని రెండుగా చీల్చరాదు. స్టేషనునకు ఒక వైపున మాత్రమే వాకిలి యున్నచో ఆవలివైపున నున్నవాడు, వందగజముల దూరమునకు మైలు చుట్టి రావలెను. 2022లో తిరుపతి స్టేషను పునర్నిర్మాణమును చేపట్టినపుడు దక్షిణపు వైపునను భవనము తలపెట్టుట ఈ కారణముచేత మేలైన పని. మూడవది, రైలును బస్సును ఒకదానివేళ కొకటి సరిపడవలెను. 2022లో రోడ్డు రవాణా సంస్థవారు అలిపిరి డిపోనుండి 100 విద్యుత్తు బస్సులు నడుపబూనిరి. అవి కొండకును, రేణిగుంట విమానాశ్రయమునకును, సమీప పట్టణములకును ఉద్దేశింపబడినవి. ఇట్టి బస్సులు చిన్నచిన్న స్టేషన్ల వాకిటికిని వచ్చినపుడే రైలునకు పూర్ణఫలము సిద్ధించును.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. స్టేషను బాగుపడిన కొలది దానిచుట్టును నేలవెల పెరుగును. వెల పెరిగినచో మొదట కదలిపోవువారు పూలమ్మువారు, హోటలు పనివారు, ఆటో నడుపువారు, సత్రములు శుభ్రము చేయు స్త్రీలు. తెల్లవారుజామున పనికి రావలసినవారు వీరే; స్కూటరు కొనలేనివారును వీరే. వీరిని ఊరి చివరకు పంపి, నాలుగు కార్లు గలవానికి స్టేషను ప్రక్కన మేడ కట్టినచో పథకము తలక్రిందులైనట్లే. మార్గము వేయుటకు ఖర్చయిన ధనము ప్రజలది; దానివలన పెరిగిన నేలవెలలో కొంత ప్రజలకు తిరిగి రావలెను. అదనపు అంతస్తులకు అనుమతి నిచ్చునపుడు రుసుము గ్రహించుట, ప్రతి పెద్ద కట్టడములో కొన్ని యిండ్లను అల్పాదాయమువారికి అందుబాటు వెలకు కేటాయించుట మున్నగు పద్ధతులు ఇతర నగరములలో అమలులో నున్నవి. మనమును అవలంబింపవచ్చును.

జనులను ఒకచోట చేర్చినచో నీరెట్లు చాలునని కొందరడుగుదురు. రాయలసీమలో ఈ ప్రశ్న సహజము. తిరుపతికి కల్యాణి జలాశయమును, కండలేరునుండి వచ్చు తెలుగుగంగ నీరును ఆధారములు. మనిషి చెదరి బ్రతికినను, చేరి బ్రతికినను త్రాగు నీరు ఒక్కటే. చేరి బ్రతికినచో గొట్టము పొడవు తగ్గును, కారిపోవు నీరు తగ్గును, వాడిన నీటిని శుద్ధిచేసి చెట్లకు మరలించుట సులభమగును. చెరువుల పైని కాలువలపైని ఒత్తిడి తొలగినచో భూగర్భజలమునకును మేలే.

నిజమైన చిక్కు నీటిలో లేదు, అధికారముల విభజనలో నున్నది. స్టేషను రైల్వేవారిది, వీధి నగరపాలక సంస్థది, ఊరి వెలుపలి ప్రణాళిక 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థది, బస్సు రవాణా సంస్థది, సత్రములు దేవస్థానమువారివి. ఎవరి పని వారు చక్కగా చేసినను, ఒకరి పని మరియొకరి పనితో కలియనిచో ప్రయాణికునకు వాకిట గుంటయే మిగులును. 2016లో తిరుపతి స్మార్టు నగరముల జాబితాలో చేరినది. 2023లో శ్రీనివాస సేతు అను పొడవైన వంతెనరోడ్డు పూర్తియైనది. వాహనములకు అది కొంత ఊరట కలిగించును. కాని వంతెన ఎంత పొడవైనను, ఎవరి యిల్లును బడికి గాని పనికి గాని దగ్గరకు జరుపజాలదు. ఆ పని చేయగలది ప్రణాళిక యొక్కటే.

ఎవ్వరైనను ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఈ ఆదివారము మీ ఊరి స్టేషను వాకిట నిలిచి, గడియారము చూచుకొని, పది నిమిషములు ఒక వైపునకు నడువుడు. త్రోవలో ఎన్ని యిండ్లున్నవి, ఎన్ని ఖాళీస్థలములు ముండ్లకంప పెరిగి యున్నవి, నీడ యెంత దూరము కలదు, కాలిబాట ఎక్కడ తెగినది, వానకాలువ ఎక్కడ పూడినది అను విషయములను గమనింపుడు. ఆ లెక్కను మీ వార్డు సభ్యునికి చూపుడు. జంటమార్గము పడునాటికి ఆ ఖాళీస్థలములు ఏమి కానున్నవో ప్రశ్నింపుడు.

ఇల్లు నూరేండ్లకు పడిపోవచ్చును, వీధి పడిపోదు. తొమ్మిది వందల యేండ్ల క్రిందట ఆలయము చుట్టును గీసిన వీధులలోనే మనము నేటికిని నడచుచున్నాము. ఇక రానున్న కొన్ని సంవత్సరములలో చంద్రగిరియొద్ద, పాకాలయొద్ద, చిత్తూరుయొద్ద గీయు వీధులలో మన మనుమల మనుమలు నడువవలసియున్నది. వారికి నడచుటకు వీలుగా గీయుదమా, వీలులేకుండ గీయుదమా అనునదే నేడు మన యెదుటనున్న ప్రశ్న.